కదలకండి అనడానికి లేదు

మా నరసరావుపేటలో మేము ఫోటోలు దిగే స్టూడియో ఆయన నోట ఎప్పుడు విన్నా ఒకటే మాట: "కదలకండి". నా అన్నప్రాసన నుంచి ఇంజనీరింగ్ హాల్‌టికెట్ దాకా అన్ని ఫోటోలూ ఆ మాట వింటూ దిగినవే. మా ఇంట్లో గోడలకున్న ఫోటోల్లో అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. నాయనమ్మ ఫోటో చూస్తే ఎవరో ఆవిడకి అప్పు గుర్తుచేసినట్టుంటుంది. ఫోటో అంటే కదలకుండా ఉండటం అని నాలో అంతగా ఇంకిపోయింది. అలాంటివాణ్ని ముప్పై దాటాక, ఎవరు చెప్పినా ఆగని వాటి వెంట కెమెరా పట్టుకుని పడ్డాను.

మొదలైంది హైదరాబాద్‌లో. 2023 ఫిబ్రవరిలో సెలవు మీద ఇండియా వెళ్లినప్పుడు మా బావమరిది ఫార్ములా ఈ టికెట్లు తెచ్చాడు. ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన రేసు అది, ఇండియాలో మొట్టమొదటి ఫార్ములా ఈ. రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్ల ట్రాక్, 18 మలుపులు. మామూలుగా నెక్లెస్ రోడ్డుకీ ఐమాక్స్‌కీ తిరిగే దారుల్లో కార్లు గంటకి రెండు వందల పైన పోతుంటే ఒళ్లు జలదరించింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నేను ఫోన్‌తో ఓ రెండు వందల ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే కంచె ఉంది, ఖాళీ రోడ్డు ఉంది, అప్పటికింకా కడుతున్న కొత్త సచివాలయం గుమ్మటాలు ఉన్నాయి. కారు లేదు. ఒకే ఒక్క ఫోటోలో వెనక రెక్క ముక్క పడింది. ఎలక్ట్రిక్ కార్లు కదా, పెట్రోల్ బండిలా దూరం నుంచి గర్జించుకుంటూ రావు, మిక్సీలాంటి కీచుమోత. అది వినపడి బటన్ నొక్కేసరికి కారు వెళ్లిపోయేది. బావమరిది మాత్రం "రోడ్డు బాగా పడింది బావా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

దోహా తిరిగొచ్చాక, దేశం వదిలి వెళ్తున్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరా, ఒక 70-300 లెన్సు కొన్నాను. అప్పటికి మా ఆవిడా, అబ్బాయీ వాడి చదువు కోసం ఇండియా వెళ్లి ఏడాది కావస్తోంది. మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాని ముక్కలు చేసి అద్దెకిచ్చిన గదిలోకి మారాను. వారాంతాలు పొడుగ్గా ఉండేవి. లుసైల్ సర్క్యూట్ అక్కణ్నుంచి కారులో అరగంట లోపే.

2023 అక్టోబర్ 8, ఆదివారం. ఖతార్ గ్రాండ్ ప్రీ. ఫార్ములా వన్ తెలిసినవాళ్లకి ఆ రేసు ఎండ వల్ల గుర్తుంటుంది. ఎండ అన్నాను గానీ అది రాత్రి రేసు, పగటి సెగ రాత్రికి కూడా దిగలేదు. టైర్ల భద్రత మీద అనుమానం వచ్చి, ఒక సెట్టు మీద 18 ల్యాపుల కంటే ఎక్కువ తిరగకూడదని నిబంధన పెట్టారు. దాంతో టైర్లు అరిగిపోతాయని నెమ్మదించే అవసరం లేక అందరూ 57 ల్యాపులూ ఒళ్లు దాచుకోకుండా తోలారు. ఒకన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు. సార్జంట్ ఒంట్లో బాగాలేక మధ్యలోనే కారు ఆపేశాడు. వెర్‌స్టాపెన్ అప్పటికే శనివారం స్ప్రింట్‌తో ప్రపంచ ఛాంపియన్ అయిపోయి, ఆదివారం రేసూ గెలిచాడు.

వాళ్ల బాధ వాళ్లది, నా బాధ నాది. ఏసీ కారులోంచి దిగి గ్యాలరీలో కూర్చుని కెమెరా తీస్తే లెన్సు మొత్తం ఆవిరి. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులా నీళ్లు కారుతోంది. తుడిచిన కొద్దీ పట్టింది. ఇరవై నిమిషాలు కెమెరాని ఒళ్లో పెట్టుకుని అది వేడెక్కడం కోసం కూర్చున్నాను. (ఇప్పుడైతే బయల్దేరే ముందే కెమెరా బ్యాగుని డిక్కీలో పెడతాను. గల్ఫ్‌లో ఫోటోలు తీసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఇదే, ఏ ట్యుటోరియల్‌లోనూ చెప్పరు.) తర్వాత షట్టర్ స్పీడు 1/2000 పెట్టి టకటకా కొట్టాను. కార్లు పడ్డాయి! కళ్లు చెమర్చినంత పనైంది. రాత్రికి రాత్రే మావాడికి వాట్సాప్‌లో పంపాను.

పొద్దున్నే వీడియో కాల్. వాడికప్పుడు ఎనిమిదేళ్లు. "నాన్నా, వీటిని పార్కింగ్‌లో తీశావా?"

మళ్లీ చూశాను. నిజమే. టైరు మీది అక్షరాలు చదువుకోవచ్చు. కారు ట్రాక్ మీద ఎవరో తెచ్చి పెట్టినట్టుంది.

ఇంజనీరింగ్ చదివిన పాపానికి కాగితం మీద లెక్క వేశాను. గంటకి 250 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 70 మీటర్లు. 1/2000 సెకనులో కారు కదిలేది మూడున్నర సెంటీమీటర్లు. ఫార్ములా వన్ టైరు వ్యాసం 72 సెంటీమీటర్లు, అంటే సెకనుకి ముప్పై చుట్లు. 1/2000లో ఆ చుట్టులో ఐదారు డిగ్రీలు తిరుగుతుందంతే. ఇక అది తిరుగుతున్నట్టు ఎలా కనిపిస్తుంది? అదే 1/60 పెడితే చక్రం అర చుట్టు తిరుగుతుంది, కారు మీటరు పైన ముందుకు పోతుంది. చక్రం తిరిగినట్టూ కనబడాలి, కారు మాత్రం చెదరకూడదు. అలా జరగాలంటే ఆ మీటరు దూరమూ కెమెరా కూడా కారుతో పాటు, సరిగ్గా దాని వేగంతో తిరగాలి. అప్పుడు కారు నిలుస్తుంది, మిగతా లోకమంతా గీతలైపోతుంది. దీన్నే ప్యానింగ్ అంటారు. యూట్యూబ్‌లో నాలుగు నిమిషాల్లో అర్థమవుతుంది. చేతికి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

రోజూ సర్క్యూట్‌లో రేసులుండవు కదా. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక మా వీధి చివర, పెద్ద రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడి పోయే వాహనాల మీద సాధన మొదలుపెట్టాను. ల్యాండ్ క్రూజర్లు, స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు. ఒక విషయం చెప్పాలి, ట్రాఫిక్ డిపార్ట్‌మెంటు ఆఫీసున్నది కూడా మదీనత్ ఖలీఫాలోనే. వేగంగా పోయే కార్ల ఫోటోలు తీయడంలో వాళ్ల రాడార్లు నాకంటే చాలా ముందున్నాయి. ఒక్కటీ తప్పదు, ఒక్కటీ వణకదు, నంబరు ప్లేటు స్పష్టంగా పడుతుంది. నాది అందుకు పూర్తిగా వ్యతిరేకం.

మొదట్లో చేతులు తిప్పేవాణ్ని. బొమ్మ కిందికీ పైకీ ఊగేది. చేతులు కాదు, నడుము తిరగాలి అని తెలియడానికి మూడు వారాలు. కారుని ఎక్కడ వదిలేస్తామో అటువైపు పాదాలు పెట్టి నిలబడి, నడుము మాత్రం మెలితిప్పి కారు వచ్చే వైపు చూడాలి. అది దగ్గరికొస్తుంటే ఒళ్లు దానంతటదే విప్పుకుంటుంది. మోచేతులు పక్కటెముకలకి ఆనించాలి. అన్నిటికంటే పెద్ద తప్పు, షట్టర్ పడగానే ఆగిపోవడం. ఆగుతామని తెలిసిన చెయ్యి ముందే నెమ్మదిస్తుంది. మా తాతగారు జొన్నచేలో మంచె మీద నిలబడి ఒడిసెల తిప్పేవాడు. రాయి వదిలాక కూడా ఆయన చెయ్యి ఆగేది కాదు, పూర్తి చుట్టు తిరిగేది. చిన్నప్పుడు అది దర్జా అనుకునేవాణ్ని. దర్జా కాదని ఇన్నేళ్లకి దోహా ఫుట్‌పాత్ మీద తెలిసింది.

కెమెరా సంగతులు త్వరగానే కుదిరాయి. ఫోకస్ ఆగకుండా వెంటాడే మోడ్, ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి విడదీసి బొటనవేలికి ఇవ్వడం, లెన్సులో స్టెబిలైజర్ని నిలువు కదలికలు మాత్రమే సరిచేసే రెండో మోడ్‌లో పెట్టడం. ఇవన్నీ ఒక్క ఆదివారం పని. నడుమే మొండికేసింది.

అలా ఆరు వారాలు గడిచాక, జనవరిలో ఒకరోజు మగ్రిబ్ నమాజు పిలుపు అయిపోయిన కాసేపటికి ఒక డెలివరీ బైకు వచ్చింది. 1/60. తిరిగాను. తిరుగుతున్నప్పుడే తెలిసింది, ఇది పడింది అని. కంటికీ బండికీ మధ్య తాడు కట్టినట్టుంది. స్క్రీన్ చూస్తే హెల్మెట్ మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. వెనకాల ఖర్జూర చెట్లూ, ప్రహరీ గోడలూ, దుకాణం లైట్లూ అన్నీ పొడుగాటి రంగు దారాలయ్యాయి. నా మొదటి అసలైన ఫోటో.

తల ఎత్తేసరికి ఆ బైకు యూటర్న్ తీసుకుని నా ముందు ఆగింది.

"భాయ్, ఫోటో క్యోం లియా?"

అడక్కుండా మనుషుల ఫోటో తీయకూడదు. నేను కార్లనే తీస్తున్నాననీ, మొహాలు పడకుండా చూసుకుంటున్నాననీ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. బైకు మీద పోయేదీ మనిషే అన్న సంగతి ఆ హెల్మెట్ లోపలి కళ్లు చూశాకే తట్టింది. "నహీ భాయ్, ప్రాక్టీస్... ఓ రేసింగ్ కే లియే..." అని నా హిందీలో తడుముకుంటుంటే అతను హెల్మెట్ తీశాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి.

"తెలుగోళ్లా అన్నా?"

"అవును."

"కంప్లైంట్ పెడ్తున్నరా? నేను స్పీడ్ పోలే అన్నా. సిగ్నల్ కాడ గూడ ఆగిన."

కంప్లైంట్ కాదని, కార్ల రేసులు తీయడం నేర్చుకుంటున్నానని చెప్పి స్క్రీన్ చూపించాను. చాలాసేపు చూశాడు. రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"మస్తుందన్నా. గని తీసెయ్యుండ్రి."

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. ఆరు వారాలకి ఒక్కటి పడింది. మొహం కనబడటం లేదు కదా, ఎక్కడా పెట్టను కదా అనబోయి, అతని మొహం చూసి ఆగాను. అతని ముందే చెరిపేశాను. నిజంగా పోయిందో లేదో వెనక్కీ ముందుకీ జరిపి చూపించాను.

జగిత్యాల దగ్గర పల్లెటూరట. అప్పుడే చెప్పాడు. "మా అమ్మకు హోటల్ల పని అని చెప్పిన అన్నా. మా బాపు బండి మీద పోతనే సచ్చిపోయిండు. నేను బండి నడుపుతున్నని తెలిస్తె అమ్మ నిద్రపోదు. ఫోటో గిట్ల యాడన్న తిరిగి ఊరికి పోతె..."

వెళ్లిపోతాడనుకున్నాను. బండి స్టాండ్ వేశాడు.

"ఒక్కటి మంచిగ తీస్తరా అన్నా? అమ్మకు పంపుత. బండి రావద్దు. బ్యాగు రావద్దు. గా చెట్లు వస్తె సాలు."

హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి, వీపు మీది యూనిఫాం జాకెట్ విప్పి మడతపెట్టి బండి మీద పెట్టాడు. చేత్తో జుట్టు సర్దుకుని చెట్టు ముందు నిలబడ్డాడు. వీధి దీపం వెలుతురు, చాలీచాలని చీకటి. షట్టర్ స్పీడు పెంచే వీలు లేదు, కాస్త కదిలినా చెదిరిపోతుంది. నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చింది: "కదలకు".

ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, అచ్చం మా ఇంటి గోడ మీది వాళ్లలాగే. నాలుగు తీశాను. మంచిది ఏరి అతని ఫోనుకి పంపాను. ఆర్డర్ లేటవుతోందని కంగారుగా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను వీధిలో బైకుల మీద కెమెరా పెట్టలేదు. పావురాలు దొరికాయి. మాకు దగ్గర్లో దహల్ అల్ హమామ్ పార్కు ఉంది. ఆ పేరుకి అర్థమే పావురాల బిలమట. పావురం కారు కంటే కష్టం, ఏటు తిరుగుతుందో దానికే తెలీదు. వాటి మీద రెండు నెలలు తిరిగాక కార్లు పెద్దమనుషుల్లా అనిపించాయి.

2024 మార్చి 2న లుసైల్‌లో వరల్డ్ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ రేసు. దాని పేరే ఖతార్ 1812 కిలోమీటర్లు. డిసెంబర్ 18 ఇక్కడి జాతీయ దినం, 18-12, ఆ అంకెని దూరంగా మార్చారు. 335 ల్యాపులు, పది గంటల దాకా సాగే రేసు. నేర్చుకునేవాడికి ఇంతకంటే ధర్మసత్రం లేదు. తప్పిపోయిన కారు రెండు నిమిషాల్లోపే మళ్లీ వస్తుంది. పోర్షే, ఫెరారీ, టొయోటా, పెజో, వాటి వెనక జీటీ కార్లు. ఒక్కో ఇంజను ఒక్కో గొంతు. మూడో గంటకల్లా కళ్లు మూసుకుని ఏది వస్తోందో చెప్పగలిగాను, హైదరాబాద్‌లో చెవికి అందనిదంతా ఇక్కడ దొరికింది.

పొద్దున పదకొండుకి మొదలు. మధ్యాహ్నపు ఎండలో కొత్త చిక్కొచ్చింది. 1/60 పెడితే వెలుతురు ఎక్కువైపోయి లెన్సు కన్నాన్ని ఎఫ్/22 దాకా మూయాల్సి వస్తుంది. కన్నం సన్నబడిందంటే దగ్గరివి కూడా స్పష్టంగా కనబడతాయి, అంటే నాకూ ట్రాక్‌కీ మధ్యనున్న కంచె తీగలు, సెన్సార్ మీది దుమ్ము చుక్కలు. కన్నం పెద్దగా తెరిస్తే తీగలు మాయమవుతాయి గానీ ఫోటో తెల్లగా మాడిపోతుంది. దీనికి మందు ఎన్‌డీ ఫిల్టర్, లెన్సుకి నల్ల కళ్లద్దాలు పెట్టడమన్నమాట. అది ఉండాలని తెలుసు, తీసుకెళ్లలేదు. కాబట్టి సాయంత్రం నాలుగు దాకా నా ఫోటోలన్నీ కోళ్ల ఫారంలో తీసినట్టున్నాయి.

ఇంకో పొరపాటు కూడా చేశాను. శబ్దం లేకుండా ఉంటుందని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడాను. కారు బాగానే పడింది, వెనకాల స్తంభాలన్నీ గాలివానలో తాటిచెట్లలా ఒక పక్కకి ఒరిగాయి. సెన్సార్ బొమ్మని ఒక్కసారిగా కాక వరస తర్వాత వరసగా చదువుతుంది, ఆ లోపు కెమెరా తిరిగిపోతుంది. తర్వాత తెలిసిందేమిటంటే ఈ తప్పుకి నూరేళ్ల పైబడిన చరిత్ర ఉంది. లార్తీగ్ అనే ఫ్రెంచి కుర్రాడు ఇరవై ఏళ్లయినా నిండకముందు ఒక గ్రాండ్ ప్రీలో కారుని తీశాడు. అతని కెమెరాలో షట్టర్ ఒక సన్నని చీలిక, అది నిలువుగా జరిగేది. కుర్రాడు కారు వెంట తిరిగాడు గానీ దాని వేగం అందుకోలేకపోయాడు. చక్రం కోడిగుడ్డులా సాగి ముందుకి వాలింది, జనం వెనక్కి ఒరిగారు. కారు సగం ఫ్రేము బయటికి పోయింది. వేగం అనగానే నేటికీ చూపించే ఫోటోల్లో అదొకటి. నాది అలాంటిది కాదు, నాది ఉత్త తప్పు. మెకానికల్ షట్టర్‌కి మారాను.

అయిదున్నరకి సూర్యుడు దిగాడు. ఆ అరగంట కోసమే వచ్చినట్టుంది. వెలుతురు మెత్తబడింది, కన్నం తెరిచాను, కంచె మాయమైంది. కార్ల లైట్లు వెలిగాయి. ఈ సర్క్యూట్ చుట్టూ ఇసుక రాకుండా ప్లాస్టిక్ గడ్డి పరిచారు, ఆ పచ్చదనం కాస్తా కారు కింద నూనె రంగులా పారింది. 1/60, ఆ తర్వాత 1/40, చీకటి పడ్డాక 1/30. కారు పొడుగు మొత్తం స్పష్టంగా పడాలనే ఆశ అప్పటికి వదిలేశాను. దగ్గరగా పోయే కారుకి ముక్కు ఒక వేగంతో, తోక ఒక వేగంతో కంటి ముందు తిరుగుతాయి, రెంటినీ ఒకేసారి పట్టలేం. ఒక్కచోటు ఎంచుకోవాలి. నేను డ్రైవరు కూర్చున్న చోటు ఎంచుకున్నాను. అక్కడ ఒక మనిషున్నాడు. అది చెదరకపోతే చాలు.

చివర్లో రెండో స్థానంలో ఉన్న పెజో కారుకి ఇంధనం అయిపోయింది. పది గంటలు పరిగెత్తి ముగింపు ముందు ఈడ్చుకుంటూ వస్తోంది. గ్యాలరీలో అందరూ లేచారు. నేను అలవాటు కొద్దీ 1/30తో తిప్పాను, అంత నెమ్మదిగా పోయే దాన్ని ముందు దాటేసింది నా నడుము. పోర్షే గెలిచింది. 2,900 పైచిలుకు ఫోటోల్లో 11 మిగిలాయి.

ఒకటి మావాడికి పంపాను. ఆరో నంబరు పోర్షే, తలుపు దగ్గర మాత్రమే స్పష్టంగా, మిగతాదంతా కరిగిపోతూ. వాడు చాలాసేపటికి జవాబిచ్చాడు: "ఇది పోతోంది నాన్నా."

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడ్డాను, చేతిలో కూరగాయల సంచీ. పచ్చ లైటు పడింది. కదిలిన బైకుల్లోంచి ఒకతను చెయ్యెత్తి "అన్నా!" అని అరిచి వెళ్లిపోయాడు. హెల్మెట్ వల్ల మొహం కనబడలేదు గానీ గొంతు గుర్తుపట్టాను. కెమెరా గదిలో ఉంది. నా పాదాలు అటువైపే ఉన్నాయి, నడుము మాత్రం అతని వెంట తిరిగింది, అతను మలుపు తిరిగిపోయాక కూడా ఇంకాస్త దూరం.